జడివాన ఆఖరి పేజీ

"ఏవండీ, ఆ మొటిమలవాడు మీ కంప్యూటర్లోకి ఎలా వచ్చాడు?"

ఫణీంద్ర కీబోర్డు మీంచి తలెత్తేసరికి కౌంటరు అవతల ఒకమ్మాయి నిలబడి ఉంది. ఎండనపడి వచ్చినట్టుంది, ముఖం కందిపోయింది. చున్నీ కొంగుతో మెడ తుడుచుకుంటూ అతని పక్కనున్న మానిటర్నే చూస్తోంది. ఎప్పుడో తప్పిపోయిన చుట్టాన్ని బస్టాండులో గుర్తుపట్టినట్టు చూస్తోంది.

"మొటిమలవాడేంటండి. ఆయన పేరు జడివాన," అన్నాడు ఫణీంద్ర, కాస్త నొచ్చుకుని.

"తెలుసండి. అసలు పేరు సూర్యం. ఇంటర్ సెకండియర్. లెక్కల్లో తప్పుతూ ఉంటాడు. వాళ్ళమ్మ చేతిలో ఎప్పుడూ తువ్వాలుంటుంది. ఇంకేమన్నా చెప్పాలా?"

ఫణీంద్ర కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. రాజమండ్రి దానవాయిపేటలో నెట్ సెంటర్ పెట్టాక అతను కనబడ్డ ప్రతి మనిషినీ అడిగాడు, జడివాన గుర్తున్నాడా అని. అందరూ వాతావరణం గురించి అడుగుతున్నాడనుకున్నారు.

జడివాన అంటే పదిహేనేళ్ళ కిందట ఒక వారపత్రికలో వారానికో పేజీ చొప్పున వచ్చిన బొమ్మల కథ. ఆ పత్రిక ఎప్పుడో మూతపడింది. కథలో హీరోకి కండల్లేవు, ఎగరడం రాదు, వెనకాల రెపరెపలాడే గుడ్డ లేదు. తడిస్తే బలం వస్తుంది, అంతే. నిలువునా తడిస్తే కాలవలో పడ్డ లారీని ఒంటిచేత్తో ఎత్తేస్తాడు. ఒళ్ళు ఆరగానే మళ్ళీ మామూలు సూర్యం. ఉన్నది ఒక్క జత యూనిఫాం, అదీ అన్నయ్యది. లోకాన్ని కాపాడి తుమ్ముకుంటూ కాలేజీకి వెళ్తే ప్రాక్టికల్సులో మార్కులు కోసేస్తారు. అన్నిటికంటే పెద్ద శత్రువు వాళ్ళమ్మ. వాడు తడిశాడని తెలిస్తే చాలు, ఎక్కడున్నా తువ్వాలు పట్టుకుని వెంటపడుతుంది, లోకం మునిగిపోతున్నా సరే వాడి తల తుడిచేస్తుంది.

ఇంకో కష్టం కూడా ఉంది వాడికి. కమల. పక్క వీధి అమ్మాయి. లారీలు ఎత్తినవాడు ఆ పిల్ల ముందు పెన్సిలు కూడా ఎత్తలేడు.

"మీరు స్కాన్ చేస్తున్నారా ఇదంతా?" అంది అమ్మాయి.

"ఆయ్. మొత్తం చేసి వెబ్‌సైట్లో పెడదామని. పేజీలు మాసిపోయాయండి, ఒక్కోటీ శుభ్రం చేస్తున్నాను. కొన్ని లేవు. ఆఖరి పేజీ కూడా లేదు, అదే బాధ."

"పోన్లెండి, ఆఖర్న ఏమవుతుందో అందరికీ తెలుసుగా. కమలకి చెప్పేస్తాడు, తనే జడివాన అని."

"చెప్పడండి."

"చెప్తాడండి. చెప్పేసి పెళ్ళి కూడా చేసుకుంటాడు."

"పెళ్ళేంటండి, ఇంటర్ ఫెయిలయినవాడికి. వాన కురుస్తుంటుంది, వాళ్ళింటి గుమ్మం దాకా వెళ్తాడు, తలుపు కొట్టబోయి ఆగిపోతాడు. ఏం చెప్పకుండా వానలో నడుచుకుంటూ వెళ్ళిపోతాడు. హీరో అంటే అదీ."

"దాన్ని హీరో అనరండి, పిరికివాడంటారు."

ఫణీంద్ర ఏదో అనబోయాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగిపోయాయి. లోపల క్యాబిన్లలో కూర్చున్న కుర్రాళ్ళందరూ ఒక్కసారిగా ఉసూరుమన్నారు. యూపీఎస్ కీచుమంటుంటే ఆ చీకట్లో ఆ అమ్మాయి తీరిగ్గా అంది:

"పందెమండి. ఓడినవాళ్ళు, గెలిచినవాళ్ళు అడిగిన ఒక ప్రశ్నకి నిజం చెప్పాలి. నా పేరు హైమ. కరెంటు వచ్చాక నాకో ప్రింటవుట్ కావాలి."

ప్రింటవుట్ చూసి ఫణీంద్ర గుండె చిన్నగా జారింది. ఉద్యోగం ఆర్డరు. పూణేలో. జూన్ మొదటివారంలో చేరాలి.

పరిచయమై గంట కాలేదు, జారడానికి ఏముందని గుండెని మందలించుకున్నాడు. అది వినలేదు.

*

మర్నాడు సాయంత్రం హైమ గుడ్డసంచిలో ఒక బైండు పుస్తకం పెట్టుకుని వచ్చింది.

ఆ రోజుల్లో ఇళ్ళలో అదొక అలవాటు. వారపత్రికలో సీరియల్ అయిపోగానే పేజీలన్నీ చింపి, వరసలో పెట్టి, దళసరి అట్ట వేయించి కుట్టించేవాళ్ళు. ఫణీంద్ర పుస్తకం అలాంటిదే, వాళ్ళన్నయ్య దుర్గాసాయి కుట్టించాడు. హైమది ఆత్రేయపురంలో వాళ్ళ మామ్మ సూర్యకాంతమ్మగారు కుట్టించారు. అమ్మానాన్న భీమవరంలో చేపల చెరువులు చూసుకుంటుంటే హైమ మామ్మ దగ్గరే పెరిగింది. ఎమ్‌సీయే రాజమండ్రి హాస్టల్లో ఉండి ఇప్పుడే ముగించింది.

"మా దాంట్లో కూడా ఆఖరి పేజీ లేదండి," అంది హైమ పుస్తకం తెరుస్తూ. "మామ్మ చెప్పింది కథ."

"మాది పక్కింటి అప్పాయమ్మగారు పత్రిక చదివి ఇస్తానని పట్టుకెళ్ళారు. తిరిగొచ్చేసరికి ఆ పేజీ లేదు. అన్నయ్య ఎక్కడో చదివొచ్చి నాకు చెప్పాడు."

"మామ్మ చెప్పిందంటే తిరుగుండదండి."

"మా అన్నయ్య కూడా అంతేనండి."

అక్కణ్ణుంచి రోజూ సాయంత్రం అదే పని. అతని దాంట్లో చెదలు తిన్న పేజీలు ఆమె దాంట్లో బాగున్నాయి. ఆమె దాంట్లో అసలే లేని పేజీలు అతని దాంట్లో ఉన్నాయి. హైమ పేజీ తిప్పి స్కానరు అద్దం మీద పెడుతుంది, ఫణీంద్ర మూత వేసి మౌసు నొక్కుతాడు. స్కానరు దీపం ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా వెళ్తుంటే ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూస్తారు, అదేదో విమానం దిగుతున్నట్టు.

"ఈ పేజీ నాకు ప్రాణమండి," అంది ఒకరోజు. సూర్యం తడుద్దామని పంపు కింద కూర్చుంటే పంపులో నీళ్ళు రాని పేజీ అది. ఊరంతా మంటల్లో ఉంటుంది, వీడు బిందెలు పట్టుకుని క్యూలో నిలబడతాడు. క్యూలో ముందున్నావిడ జరగనివ్వదు.

"నాకు మొటిమల మందు పేజీ ఇష్టమండి. పూసుకున్నాక తడవకూడదని డాక్టరు చెప్తాడు చూడండి. ఊరా, ముఖమా అని రాత్రంతా ఆలోచిస్తాడు."

"మీరైతే ఏం చేస్తారు?"

"రెండు రోజులు ఆలోచిస్తానండి."

హైమ పకపకా నవ్వింది. ఆ నవ్వు కోసం ఫణీంద్ర మర్నాడు పొద్దున్నే లేచి జోకులు తయారు చేసుకున్నాడు. సాయంత్రానికి ఒక్కటీ గుర్తురాలేదు.

చెప్పాలని ఉంది అతనికి. ఎలా చెప్పాలో తెలియదు. ఆమె పూణే వెళ్ళేలోగా ఒక్క వాన పడితే చెప్పేద్దామని పెట్టుకున్నాడు. వానలో ధైర్యం వస్తుందని జడివానే కదా నేర్పింది. పైగా రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండలు, వాన ఇప్పట్లో రాదు. ఆ లెక్కన హాయిగా భయపడుతూ ఉండొచ్చు.

వాన వచ్చింది.

ఓ సాయంత్రం ఉన్నట్టుండి గోదావరి వైపు నుంచి చల్లగాలి లేచింది, దుమ్ము సుళ్ళు తిరిగింది, పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. హైమ సంచి అక్కడే వదిలేసి వీధిలోకి పరిగెత్తింది. చేతులు చాపి నిలబడి, కాసేపు చూసి, వెనక్కి తిరిగి అరిచింది.

"తడిశానండి. బలం రాలేదు. మీరు కూడా రండి, చూద్దాం."

ఫణీంద్ర గుమ్మం దాకా వచ్చాడు. ఆమె జడ చివర్నుంచి నీళ్ళు కారుతున్నాయి. చూపు అతని మీదే ఉంది, ఎదురుచూస్తున్నట్టుగా. ఇదే అదను. నోరు తెరిచాడు.

"హైమ గారూ..."

"చెప్పండి."

"జలుబు చేస్తుందండి," అంటూ తలుపు వెనక నుంచి గొడుగు తీసి ఇచ్చాడు.

హైమ గొడుగు వంక చూసింది, అతని వంక చూసింది. "చాలా థాంక్సండి," అంది.

ఆ థాంక్స్ వానకంటే చల్లగా ఉంది.

*

మరో మూడు సాయంత్రాల్లో స్కానింగ్ అయిపోయింది. ఆఖరి అట్ట మూస్తుంటే ఫణీంద్రకి కంగారు పుట్టింది. రేపట్నుంచి ఈ అమ్మాయి రావడానికి కారణమేంటి? ఏదో ఒకటి చెప్పి ఆపాలి. కంగారులో పుస్తకం ఆమె చేతిలో పెట్టి,

"మీతో పని అయిపోయిందండి. ఇక తీసుకెళ్ళిపోవచ్చు," అన్నాడు.

అన్నాక తెలిసింది ఏమన్నాడో.

హైమ పుస్తకం సంచిలో పెట్టుకుంది. పెట్టుకుంటూ అంది, "పుస్తకంతో పని అయిపోయిందండి, నిజమే. నాతో ఏమన్నా ఉందేమో అనుకున్నాను. పర్లేదులెండి."

"అంటే నా ఉద్దేశం..."

"మీ ఉద్దేశం మీరు చెప్పరుగా. తలుపు దాకా వచ్చి వెళ్ళిపోతారు. అదేగా హీరో అంటే."

వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. హాస్టలు ఖాళీ చేసి ఊరెళ్ళిపోయిందని తెలిసింది.

ఆ పూట ఫణీంద్ర భోజనం ముందు కూర్చుని ముద్దపప్పుతో గోడ కడుతున్నాడు. అన్నయ్య దుర్గాసాయి ఎరువుల కొట్టు మూసి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఏంట్రా, తినకుండా తాపీ పని చేస్తున్నావు?"

"అన్నయ్యా, జడివాన ఆఖరి పేజీ నువ్వు ఎక్కడ చదివావు?"

దుర్గాసాయి చెయ్యి కంచంలో ఆగిపోయింది. వంటగది వైపు ఓ చూపు చూసి గొంతు తగ్గించాడు. "చదవలేదురా."

"మరి?"

"పేజీ దొరకలేదు. నువ్వు ఒకటే ఏడుపు, ఏమయింది ఏమయింది అని. ఏదో చెప్పాలి కదా. అప్పట్లో నేను ఒకమ్మాయి ఇంటి చుట్టూ సైకిలేసుకుని తిరిగేవాణ్ణి. ఓ రోజు చెప్పేద్దామని వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళాను. వెనక్కొచ్చేశాను. అదే చెప్పాను నీకు. వాన ఒక్కటే కల్పించాను, అందంగా ఉంటుందని."

ఫణీంద్ర కళ్ళు పెద్దవి చేసుకుని చూశాడు. పదిహేనేళ్ళుగా అతను హీరోల లక్షణం అనుకున్నది వాళ్ళన్నయ్య పిరికితనం.

"ఆ అమ్మాయి ఎవరు? వదినేనా?"

"మెల్లిగా మాట్లాడు. వదిన కాదు. ఇంకోరు. తలుపు కొట్టి ఉంటే ఏమనేదో నాకు ఇప్పటికీ తెలీదు." దుర్గాసాయి అన్నం కలుపుకున్నాడు. "వద్దనేదేమో. అలా అని ఉన్నా బాగుండేదిరా. తెలిసేది కదా."

*

నిద్ర పట్టేలా లేదని తెల్లవారుజామునే నెట్ సెంటర్ తెరిచాడు ఫణీంద్ర. చేతులకి ఏదో పని కావాలి. జడివాన పేజీల మీద మచ్చలు చెరపడం మొదలెట్టాడు. పత్రిక కాగితం పల్చన, వెనక పక్క అచ్చు ఇవతలికి కనబడుతుంది. సూర్యం ముఖం మీద మొటిమలు వదిలేసి మిగతావి చెరుపుతున్నాడు.

కొన్ని పేజీల్లో గోడకి కూడా మొటిమలున్నాయి. ఆకాశానికీ ఉన్నాయి. వాళ్ళమ్మ తువ్వాలుకీ ఉన్నాయి, పైగా వరసలు కట్టి.

బొమ్మ పెద్దది చేసి చూశాడు. వరస వెంట వరస, పైకి పోయేకొద్దీ తగ్గుతూ వస్తున్న చుక్కలు.

గభాల్న బైండు పుస్తకం తీసి ఆ పేజీ వెనక్కి తిప్పాడు. వెనక పక్క వనితల పేజీ. ధనుర్మాసం ముగ్గు. చుక్కలతో సహా.

ఇన్నేళ్ళలో ఆ వెనక పక్కని ఒక్కసారి కూడా చూడలేదతను. అది ఆడవాళ్ళది కదా అని. అలాంటి పేజీలన్నీ తిప్పాడు. ప్రతి దాని వెనకా ముగ్గే. ఆ పేజీలే హైమ పుస్తకంలో లేవు. ఒక్కటి కూడా తప్పకుండా అవే.

అంటే ఎవరికో జడివాన అక్కర్లేదు, ముగ్గు కావాలి. అప్పాయమ్మగారు కూడా అందుకే చింపి ఉంటారు. ఆఖరి పేజీ ఎక్కడికీ పోలేదు. ముగ్గయి కూర్చుంది.

బండి తాళం తీసుకున్నాడు.

*

ధవళేశ్వరం ఆనకట్ట దాటి, బొబ్బర్లంక దగ్గర తిరిగి, కాలవ గట్టు పట్టుకుని ఆత్రేయపురం చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. ఆకు కదలడం లేదు. గాలంతా ఉడికించిన గుడ్డలా ఒంటికి అంటుకుంటోంది. అడిగిన మొదటి మనిషే సూర్యకాంతమ్మగారిల్లు చూపించాడు.

సూర్యకాంతమ్మగారు అరుగు మీద కూర్చుని విసనకర్ర ఊపుకుంటున్నారు. పండిన జుట్టు, పెద్ద బొట్టు, మనిషిని ఒక్క చూపులో తూచేసే కళ్ళు.

"నమస్కారమండి. రాజమండ్రి నుంచి వచ్చానండి. ఫణీంద్ర అని..."

"గొడుగబ్బాయివా?" అన్నారావిడ.

గుమ్మంలో హైమ కనబడి, "మామ్మా," అని కసిరింది. తర్వాత ఫణీంద్ర వైపు చూసి, "మాతో పని అయిపోయిందన్నారుగా," అంది.

"తప్పు మాటండి. ఆ రోజు నాలిక తిరగలేదు. హైమ గారూ, ఆఖరి పేజీ దొరికింది."

"ఎక్కడ?"

"మీ ఇంట్లోనేనండి."

అంతా చెప్పాడు. చుక్కలు, తువ్వాలు మీద మొటిమలు, అన్నయ్య సైకిలు, అన్నీ. హైమ వింటూ వింటూ మెల్లిగా మామ్మ వైపు తిరిగింది.

"మామ్మా. ఆఖర్న పెళ్ళయిందన్నావు నాకు."

"ఏడుస్తుంటే ఏం చెయ్యనే? అప్పటికే ముగ్గు కోసం చింపేశాను. ఏమయింది మామ్మా అని నువ్వు ఒకటే గోల. పిల్లలు కుదురుగా ఉన్నారు కదాని పెళ్ళి చేసేశాను."

"పెళ్ళిలో పూతరేకులు వడ్డించారని కూడా చెప్పావు."

"వడ్డించకుండా ఎలా కుదురుతుంది?"

హైమ నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంది. ఫణీంద్ర అది చూసి కాస్త ఊపిరి పీల్చుకున్నాడు.

సూర్యకాంతమ్మగారు లోపలికెళ్ళి బీరువాలోంచి ఒక లావుపాటి పుస్తకం తెచ్చారు. పాత క్యాలెండరు అట్టల మీద ఒక్కో ముగ్గూ అంటించి కుట్టినది. అన్నిటికంటే చివర రథం ముగ్గు, పేజీ నిండా. ఫణీంద్ర ఆ అట్టని వెలుతురుకి ఎత్తి చూశాడు.

"వెనక పక్కంతా అంటించేశారాండి?"

"మైదా ఉడికించి అంటించాను. ఊడదు," అన్నారావిడ గర్వంగా.

జడివాన ఆఖరి పేజీ ముఖం అట్టకేసి అతుక్కుపోయి ఉంది.

"తడిపితే వస్తుంది," అంది హైమ. అని, ఒక్క క్షణం ఆగి ఫణీంద్ర వంక చూసింది. ఇద్దరికీ ఒకటే తట్టింది. జడివాన కదా. తడిస్తేనే బయటికొస్తాడు.

"తడిపితే నా ముగ్గో?" సూర్యకాంతమ్మగారు పుస్తకం వెనక్కి లాక్కున్నారు. "ఏటా ఇది చూసే వేస్తాను. ముక్కలైపోతే?"

"కంప్యూటర్లోకి ఎక్కిస్తానండి ముందు. రాజమండ్రి తీసుకెళ్ళి..."

"కంప్యూటర్లో ఉంటే నా వాకిట్లోకొస్తుందా? ఒక పని చెయ్యి. ఈ ముగ్గు చూసి నేర్చుకుని వాకిట్లో వెయ్యి. నీకు వచ్చిందంటే, పేజీ పోయినా ముగ్గు పోదు. అప్పుడు తడుపుకోండి."

"నేనాండి?"

"నువ్వే. నీకే కదా కావాలి."

ఫణీంద్ర హైమ వంక చూశాడు. హైమ ముగ్గుగిన్నె తెచ్చి చేతిలో పెట్టింది. "పదిహేను చుక్కలండి, ఎనిమిది దాకా సందు చుక్క," అంది నవ్వకుండా.

మిట్టమధ్యాహ్నం కావస్తోంది. వాకిలి కాలుతోంది. ప్యాంటు మడిచి గొంతుకూర్చుని ఫణీంద్ర మొదటి వరస పెట్టాడు. అది వరసలా లేదు, చీమలు దారి తప్పినట్టుంది. చెరిపేసి మళ్ళీ పెట్టాడు. పిండి వేళ్ళ మధ్యనుంచి రాలితే ఒకేసారి కుప్ప రాలుతోంది, లేదంటే అసలు రాలడం లేదు.

"బొటనవేలు కదపాలండి," అంది హైమ అరుగు మీంచి. "మౌసు నొక్కినట్టు నొక్కకండి."

వీధిలో పోతున్న సుబ్బాయమ్మగారు ఆగిపోయారు. "ఏమే సూర్యకాంతం, ఎండల్లో రథం ముగ్గేంటి? మగపిల్లాడు వెయ్యడమేంటి?"

"కంప్యూటరబ్బాయిలే. నేర్చుకుంటున్నాడు."

"బానే ఉంది. మా వాడికి కూడా నేర్పిస్తాడేమో కనుక్కో," అని ఆవిడ అక్కడే నీడన చతికిలబడ్డారు. ఇంకో ఇద్దరు చేరారు. ఒకావిడ చక్రం వంకరన్నారు, ఇంకొకావిడ కాదు గుర్రమే వంకరన్నారు. రథానికి గుర్రం ఎక్కడుందో ఫణీంద్రకి అర్థం కాలేదు. చెమట కళ్ళలోకి కారుతోంది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ముక్కు మీంచి ఓ బొట్టు జారి రథం మీద పడింది.

ఒక్కసారి తలెత్తాడు. హైమ నవ్వడం లేదు. మోకాళ్ళ మీద గడ్డం ఆనించి, అతన్నే చూస్తోంది. వానలో గుమ్మం వైపు చూసినప్పటి చూపే అది.

ఫణీంద్ర తల వంచుకుని, మళ్ళీ ఎత్తకుండా ముగ్గు పూర్తి చేశాడు.

సూర్యకాంతమ్మగారు చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, "కుంటి రథం. అయినా కదుల్తుంది," అన్నారు.

*

వెడల్పు పళ్ళెంలో నీళ్ళు పోసి అట్టని అందులో పరిచింది హైమ. మైదా నానేదాకా ముగ్గురూ పళ్ళెం చుట్టూ కూర్చున్నారు. తర్వాత ఆమె చేతులు తుడుచుకుని, కాగితం ఒక మూల గోటితో లేపింది.

ఫణీంద్ర భయంతో కళ్ళు సగం మూశాడు. ఆమెకి భయం లేదు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి కుండ మీంచి పూతరేకులు తీసిన చెయ్యి. లాగలేదు, గుంజలేదు. రేకు లేచినట్టే కాగితం తనంతట తాను లేస్తున్నట్టు లేచింది. పల్చగా, తడిగా, చిరగకుండా ఆమె రెండు అరచేతుల మీదికి వచ్చింది. అరటాకు మీద పరిచింది.

"రండి," అంది మెల్లిగా.

తలలు దగ్గర పెట్టుకుని చదివారు.

సూర్యం నిలువునా తడిసి కమల ఇంటికి వస్తాడు. తలుపు కొట్టేసరికి వాన వెలిసిపోతుంది, ఎండ కాస్తుంది. కమల తలుపు తీసేలోపు ఒళ్ళు ఆరిపోతుంది. బలం పోతుంది. మాట రాదు. కాళ్ళు వణుకుతాయి. అయినా వెనక్కి తిరగడు, అక్కడే నిలబడతాడు.

కమల అంటుంది: 'నాకు మొదటి వాననాడే తెలుసు. చేతిలో గొడుగుండి తడిసొచ్చేవాడు ఊళ్ళో ఇంకెవరున్నారు?'

ఆఖరి బొమ్మలో ఆమె చేతిలో తువ్వాలుంది. జుట్టు చివర ఇంకా తడి ఉంది, ఇటు రా, అంటోంది. మొదటిసారి సూర్యం తువ్వాలుకి భయపడకుండా తల వంచుతాడు.

ఫణీంద్ర ఆఖరి బొమ్మ మీదికి మళ్ళీ వంగాడు.

"చెప్పలేదండి మరి," అన్నాడు ఫణీంద్ర.

"వెళ్ళిపోలేదుగా మరి," అంది హైమ.

"అయితే పందెం?"

"ఇద్దరం ఓడిపోయాం. ఇద్దరం నిజం చెప్పాలి." హైమ కాగితం అంచు సవరిస్తూ, తల ఎత్తకుండా అంది. "నేను ముందు అడుగుతాను. ఆ రోజు వానలో గొడుగివ్వకముందు ఏం చెప్పబోయారు?"

ఫణీంద్ర వాకిలి వైపు చూశాడు. ఎండ పెళపెళలాడుతోంది. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. వాన వస్తే చెప్దామనుకున్న మాట, ఏ సాయమూ లేకుండా, కాళ్ళు వణుకుతుంటే చెప్పాడు.

"మీరంటే నాకు చాలా ఇష్టమండి. పుస్తకం లేకపోయినా ఇష్టమే. పూణే వెళ్ళండి, ఉద్యోగం చేసుకోండి. ఎన్నాళ్ళయినా నేను ఉంటాను. మీకు వద్దంటే వద్దనండి, తెలిసి వెనక్కెళ్తాను. తెలియకుండా మాత్రం వెళ్ళను. చూశారుగా, చుక్క తడవకుండా చెప్పాను."

హైమ అప్పుడు తలెత్తింది. అతని జుట్టు, చొక్కా, మోచేతుల మీంచి ధారలు కట్టిన చెమట, అన్నీ తీరిగ్గా చూసింది.

"తడవకుండానా? అద్దంలో చూసుకోండి ఓసారి."

లేచి దండెం మీంచి తువ్వాలు తెచ్చింది. చేతికిచ్చింది. ఇచ్చి, వదలకుండా రెండో కొస పట్టుకునే నిలబడింది.

"ఇప్పుడు మీరు అడగాలండి. మీ వంతు," అంది.

ఫణీంద్ర ఆ కొస వంక చూశాడు, ఆమె వేళ్ళ వంక చూశాడు. "అడగాల్సింది ఏం మిగల్లేదండి," అన్నాడు.

"అయితే నేనే చెప్తాను. మొదటి రోజు కరెంటు పోయింది చూడండి, అప్పట్నుంచి."

అరుగు మీద దగ్గు వినబడింది. సూర్యకాంతమ్మగారు వాకిట్లో రథం వంకే చూస్తూ విసనకర్ర ఊపుకుంటున్నారు.

"మీ నాన్నతో నేను మాట్లాడతాను గానీ అమ్మాయ్, ఆ అబ్బాయికి ముందే చెప్పు. పెళ్ళికి వాకిట్లో ముగ్గు నేనే వేస్తాను. ఆ కుంటి రథం చూస్తే వచ్చిన చుట్టాలు వెనక్కెళ్ళిపోతారు."

ఫణీంద్ర తువ్వాలుతో తల తుడుచుకున్నాడు, ముఖం తుడుచుకున్నాడు, మెడ తుడుచుకున్నాడు. ఒళ్ళు పూర్తిగా ఆరిపోయింది.

బలం మాత్రం ఎక్కడికీ పోలేదు.